గూటిలోని గ్రంథాలు: ఇంటి పుస్తకాల అమరికకు మన పూర్వ విద్వాంసులు చూపిన దారి

యమామా యుద్ధంలో ఖుర్ఆన్‌ను కంఠస్థం చేసిన ప్రవక్త అనుచరులు అనేకులు అమరులయ్యారు. ఇటువంటి యుద్ధాలు మరికొన్ని జరిగితే దైవవాణిలో కొంతభాగం చేజారిపోతుందేమోనని హజ్రత్ ఉమర్ (రజి) ఆందోళన చెందారు. వారి ప్రోద్బలంతో తొలి ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) గ్రంథ సంకలన భారాన్ని హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి)కు అప్పగించారు. ఖర్జూరపు మట్టల మీద, పలుచని రాళ్ల మీద, మనుషుల హృదయాలలో వున్నదానిని ఆయన ఒకచోట చేర్చి పత్రాలుగా వ్రాశారు. ఆ పత్రాలు హజ్రత్ అబూబక్ర్ వద్ద, వారి అనంతరం హజ్రత్ ఉమర్ వద్ద, ఆ తర్వాత వారి కుమార్తె, విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ హఫ్సా (రజి) ఇంటిలో వున్నవి. హజ్రత్ ఉస్మాన్ (రజి) ప్రతులు తీయించదలచినప్పుడు, నకలు చేసుకుని తిరిగి పంపుతామని ఆమెకు కబురంపారు. పని పూర్తికాగానే మాట ప్రకారం తిరిగి పంపారు. సహీహ్ బుఖారీలో ఈ ఉదంతం వివరంగా వున్నది.

దీనిని మనం సాధారణంగా ఖుర్ఆన్ సంకలన చరిత్రగానే చదువుతాము. అయితే ఒక ఇంటి చరిత్రగా కూడా చదువవచ్చు. ఆ పత్రాలు ఎవరింట వున్నవో సమాజానికంతటికీ తెలుసు. అడిగినవారు పాలకులే అయినా ఇంటి యజమానురాలి అనుమతి కోరారు. తీసుకున్నవారు తిరిగి ఇచ్చారు. బాగ్దాదు, కైరో, కొర్డోవా నగరాల మహా గ్రంథాలయాలను గురించి మన రచయితలు ఎంతో వ్రాశారు. లక్షల సంపుటాల లెక్కలు చెప్పుకుని మురిసిపోయాము కూడా. కాని విద్య వాస్తవంగా నిలిచినది ఎక్కువగా ఇళ్లలోనే. ఆ ఇళ్లలో పుస్తకాలను ఏ వరుసలో, ఎక్కడ, ఎలా వుంచేవారన్నది ప్రస్తుత విషయం. అనంతపురం జిల్లా వజ్రకరూరు వంటి మెట్టప్రాంతపు గ్రామంలో నూరు, నూటయాభై పుస్తకాలున్న ఒక ముస్లిం కుటుంబానికి ఈ చరిత్రతో పని వున్నదా అని ఎవరైనా సందేహిస్తే, ఆ కుటుంబానికే ఎక్కువ పని వున్నదని నా అభిప్రాయం.

ఇల్లే గ్రంథాలయమైన రోజులు

హదీసు సేకరణలో అగ్రగణ్యులైన ఇమాం జుహ్రీ (మరణం హి. 124, క్రీ.శ. 742) ఇంటిలో తమ చుట్టూ పుస్తకాలు పేర్చుకుని లోకం మరచి కూర్చునేవారట. ముగ్గురు సవతులకన్నా ఈ పుస్తకాలే తనకు ఎక్కువ బాధగా వున్నవని వారి భార్య వాపోయినట్లు ఇబ్ను ఖల్లికాన్ నమోదు చేశారు. ఈ ముచ్చటను నవ్వుకోవడానికి మాత్రమే చెప్పుకుంటారు. దానిలో ఒక గృహిణి న్యాయమైన ఫిర్యాదు కూడా వున్నది: క్రమంలేని పుస్తకాలు ఇంటివారి చోటును ఆక్రమిస్తాయి. ప్రఖ్యాత రచయిత జాహిజ్ (మరణం హి. 255) వృద్ధాప్యంలో పుస్తకాల దొంతర మీద పడి మరణించారని ఒక కథ ప్రచారంలో వున్నది. అది నిజమో కాదో గాని, పుస్తకాలను పడిపోయేటట్లు పేర్చడం ఆ కాలంలో అరుదు కాదని మాత్రం తెలుస్తున్నది.

పెద్దల ఇళ్లలో పద్ధతి వేరు. ఇబ్ను సీనా యువకుడిగా బుఖారాలో సామానీ పాలకుడు నూహ్ బిన్ మన్సూర్ గ్రంథశాలను చూచిన సంగతి తన ఆత్మకథలో చెప్పారు. అనేక గదులు, ప్రతి గదిలో ఒకదానిపై ఒకటిగా పేర్చిన పుస్తకాల పెట్టెలు, ఒక గదిలో అరబీ భాషా సాహిత్యాలు, మరొక గదిలో ఫిఖ్‌హ్, ఇలా ఒక్కొక్క విద్యకు ఒక్కొక్క గది. ఆయన ముందుగా పట్టికను చూచుకుని తరువాత కావలసినవి అడిగారు. షీరాజులో అజుదుద్దౌలా గ్రంథశాలను చూచిన భూగోళవేత్త ముఖద్దసీ కూడా ఇటువంటి వివరమే ఇచ్చారు. మనిషి నిలువెత్తు, మూడు మూరల వెడల్పు గల చెక్క బీరువాలు, ప్రతి విద్యకు ప్రత్యేక బీరువాలు, వాటికి పట్టికలు. మంత్రి సాహిబ్ బిన్ అబ్బాద్ (మరణం క్రీ.శ. 995) మరొక రాజు కొలువుకు రమ్మంటే నిరాకరిస్తూ, ధర్మశాస్త్ర గ్రంథాలను తరలించడానికే 400 ఒంటెలు కావాలని సాకు చెప్పారట. ఆయన గ్రంథాల పట్టికే పది సంపుటాలని ప్రతీతి. ఒంటెల లెక్క మనకు అక్కరలేదు. పట్టిక వున్నదన్న మాట గుర్తుంచుకుంటే చాలు.

పట్టికల చరిత్రలో శిఖరం బాగ్దాదు పుస్తక వ్యాపారి ఇబ్ను నదీమ్ హిజ్రీ 377 (క్రీ.శ. 987)లో రచించిన అల్ ఫిహ్రిస్త్. అరబీ భాషలో తనకు తెలిసిన గ్రంథాలన్నింటినీ ఆయన పది ప్రకరణాలలో సర్దారు. వ్యాకరణం, చరిత్ర, కవిత్వం, కలాం, ఫిఖ్‌హ్ హదీసులు, తత్వశాస్త్రం, కథలు, అన్యమతాలు, చివరకు రసవాదం కూడా. భారతీయుల మతాలను గురించి సైతం ఒక ప్రకరణంలో ప్రస్తావన వున్నది. మన విషయానికి ముఖ్యమైనది మొదటి ప్రకరణం. అది జాతుల భాషలతో, లిపులతో మొదలవుతుంది. ఆ తర్వాతనే దివ్యగ్రంథాలు. ఒక పుస్తక వ్యాపారికి మొదటి ప్రశ్న ఇది ఏ లిపిలో వున్నది, ఎవరు చదువగలరు అన్నదే. మూడు భాషల పుస్తకాలున్న ఇంటికి కూడా మొదటి ప్రశ్న అదే. దీనికి మళ్లీ వస్తాను.

అన్ని అమరికలూ విద్యల విభజనను బట్టి కాదు. ఇస్తాంబూలుకు చెందిన కాతిబ్ చలబీ (1609–1657) తనకు సంక్రమించిన ఆస్తిని పుస్తకాల మీద వెచ్చించిన వ్యక్తి. హలబ్ నగరపు పుస్తకాల అంగళ్లలో చూచిన పేర్లతో మొదలుపెట్టి దాదాపు 15,000 గ్రంథాల వివరాలను కష్ఫుజ్జునూన్ అనే మహాపట్టికలో అక్షరక్రమంలో వ్రాశారు. అక్షరక్రమం వెదకడానికి సులువు. కాని పేరు తెలిసినవానికే ఉపయోగం. తనకేమి కావాలో ఇంకా తెలియని పిల్లవానికి విషయాల వరుసే దారి చూపుతుంది.

ఇబ్ను జమాఅ చెప్పిన వరుస

పాలకుల గ్రంథశాలలను వదలి, ఒక సామాన్య విద్యార్థి గదికి వద్దాము. దీనికి మనకు లభిస్తున్న ఉత్తమ మార్గదర్శి ఖాజీ బద్రుద్దీన్ ఇబ్ను జమాఅ (1241–1333). సిరియాలోని హమా నగరంలో జన్మించి, జెరూసలేము, కైరో, దమాస్కసులలో ప్రధాన న్యాయమూర్తి పదవులు నిర్వహించారు. హిజ్రీ 672లో ఆయన ముగించిన తజ్‌కిరతుస్సామిఅ్ వల్ ముతకల్లిం గురుశిష్యుల మర్యాదలను గురించిన గ్రంథం. అందులో ఒక అధ్యాయమంతా పుస్తకాల మర్యాదలకే కేటాయించారు.

ఆయన చెప్పిన దాని సారం ఇది. పుస్తకాలను నేలమీద పరచకూడదు. చెమ్మ తగలకుండా కింద ఎత్తు వుండాలి, అట్టలు చెడకుండా కింద, పైన ఏదైనా అడ్డు పెట్టాలి. దొంతరగా పేర్చేటప్పుడు విద్యల ఔన్నత్యాన్ని బట్టి పేర్చాలి. దివ్యఖుర్ఆన్ వుంటే అన్నింటికన్నా పైన. దానిని సంచిలో వుంచి, సభకు ఎదురుగా శుభ్రమైన గోడకు మేకు కొట్టి తగిలిస్తే మరీ మంచిది. ఆ తర్వాత సహీహ్ ముస్లిం వంటి హదీసు గ్రంథాలు, తర్వాత ఖుర్ఆన్ వ్యాఖ్యానాలు, హదీసు వ్యాఖ్యానాలు, విశ్వాస మూలాలు, ఫిఖ్‌హ్ మూలాలు, ఫిఖ్‌హ్, వ్యాకరణం, అరబ్బుల కవిత్వం, ఛందస్సు. ఒకే విద్యలో రెండు పుస్తకాలుంటే ఖుర్ఆన్ హదీసులు ఎందులో ఎక్కువో అది పైన. అందులోనూ సమానమైతే రచయిత గొప్పతనాన్ని బట్టి. అదీ సమానమైతే ఏది పాతదో, పండితుల చేతులలో ఏది ఎక్కువగా మెలగుతుందో దానిని బట్టి. పెద్ద పుస్తకాన్ని చిన్నదానిపై పెట్టరాదు, దొంతర కూలుతుంది. పుస్తకం పేరును కాగితాల అడుగు అంచుమీద వ్రాయాలి. పుస్తకాన్ని కాగితాలు దాచే సంచిగా, దిండుగా, విసనకర్రగా వాడకూడదు, దానితో పురుగులను చంపకూడదు. ఏడువందల ఏండ్ల క్రిందటి విద్యార్థులు మన పిల్లలకన్నా భిన్నులు కారని ఈ చివరి నిషేధం చెబుతున్నది.

ఈ వరుసను మన పెద్దలు చాలామంది విన్నారు. వినకపోయినా ఆచరణలో పాటిస్తారు. ఖుర్ఆన్ అన్నింటికంటె ఎత్తున వుండాలన్నది ఏ ముస్లిం ఇంటిలోనైనా మొదటి నియమం. అయితే ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఇబ్ను జమాఅ కాలంలో పుస్తకాలను నిలబెట్టేవారు కారు. పడుకోబెట్టి ఒకదానిపై ఒకటి పేర్చేవారు. అందుకే పేరు అడుగు అంచుమీద వ్రాయమన్నారు. అటువంటి దొంతరలో అన్నింటికంటె పైనున్న పుస్తకం చేతికి అన్నింటికంటె సులభంగా అందుతుంది. మరే పుస్తకాన్నీ కదపనక్కరలేదు. అడుగున వున్న ఛందస్సు పుస్తకం కావాలంటే దొంతరంతా దించాలి. అంటే ఆయన వరుసలో గౌరవం, వాడుక రెండూ ఒకేచోట వున్నవి. గోడకు తగిలించిన ఖుర్ఆన్ సంచి కూడా సభకు ఎదురుగా అందరికీ కనిపిస్తూ వున్నది.

నేడు మనం బీరువా కొని, పుస్తకాలను నిలబెట్టి, అదే నియమాన్ని పాటించి ఖుర్ఆన్‌ను అన్నింటికన్నా పై అరలో పెడతాము. అప్పుడు జరిగేదేమిటి? ఆరడుగుల ఎత్తున, జుజ్‌దాన్‌లో చుట్టి, ఇంటిలో అందరికంటె పొడవైన మనిషికి తప్ప అందని చోట దివ్యగ్రంథం వుంటుంది. పదేండ్ల పిల్లకు అందే అరలో పాత వారపత్రికలు వుంటాయి. నియమం అక్షరాలా నిలిచింది. దాని ఉద్దేశం తలక్రిందులైంది. దొంతరకు చెప్పిన నియమాన్ని బీరువాకు అలాగే అన్వయించడం వల్ల వచ్చిన చిక్కు ఇది. గౌరవస్థానం అంటే అందని స్థానం కానక్కరలేదు. పెద్దవారు నిలబడితే ఛాతీ ఎత్తున వుండే అర, దాని క్రింద ఇతర గ్రంథాలు, దానిపై అర ఖాళీ. ఇలా చేస్తే ఖుర్ఆన్ పైన మరే పుస్తకమూ వుండదు, పిల్లలకూ చిన్న పీట వేసుకుంటే అందుతుంది. రేహల్ పక్కనే వుండాలి. రేహల్ ఒక గదిలో, గ్రంథం ఒక గదిలో వున్న ఇంటిలో పారాయణం క్రమంగా తగ్గిపోతుంది.

కడప నవాబుల పుస్తకాలు

మన రాయలసీమలో ఇంటి గ్రంథాలయాల గతి ఏమైందో చెప్పే ఒక సంఘటన వున్నది. దీనిని మన వారు తగినంతగా పట్టించుకోలేదు. కడపను పాలించిన మయానా పఠాను నవాబుల చివరి ప్రభువు అబ్దుల్ హలీం ఖాన్‌ను 1779లో హైదర్ అలీ ఓడించి శ్రీరంగపట్టణానికి తరలించాడు. నవాబుతోబాటు పుస్తకాలు కూడా వెళ్లినవి. 1799లో టిప్పు సుల్తాన్ అమరుడైన తర్వాత ఆంగ్లేయులు ఆయన గ్రంథాలయాన్ని పట్టుకున్నారు. దాదాపు రెండువేల సంపుటాలు. చార్లెస్ స్టీవర్టు వాటికి వివరణాత్మక పట్టిక తయారుచేసి 1809లో కేంబ్రిడ్జిలో ప్రచురించాడు. వీటిలో బహుకొద్ది మాత్రమే టిప్పు గాని, ఆయన తండ్రి గాని కొన్నవని, తక్కినవి సవనూరు, కడప, కర్ణాటకాల నుండి విజయచిహ్నాలుగా వచ్చినవని ఆ పట్టికలోనే చెప్పాడు.

ఆ పట్టిక విషయక్రమంలో వున్నది. ఖుర్ఆన్ ప్రతులు, వ్యాఖ్యానాలు, ప్రార్థనలు, హదీసులు అన్న వరుసను చూస్తే, ఎంతో కాలం క్రితం ఇబ్ను జమాఅ చెప్పిన ఔన్నత్యక్రమం ఒక ఆంగ్లేయుని పట్టికలో కూడా నీడలా కనిపిస్తుంది. సూఫీ గ్రంథాలు 115, చరిత్రలు 118, కవిత్వం 190. దక్కనీ భాషా రచనలు కొన్ని. టిప్పు కాలంలో తిరిగి బైండు చేయించిన సంపుటాల అట్టల మీద మధ్యన అల్లాహ్, ప్రవక్త, హజ్రత్ ఫాతిమా, హసన్, హుసైన్‌ల పేర్లు, నాలుగు మూలల నలుగురు ఖలీఫాల పేర్లు, పైన ‘సర్కారె ఖుదాదాద్’ అన్న ముద్ర వుండేవి. ఆ ముద్ర వల్లనే నేటికీ ఏ గ్రంథశాలలో వున్నా ఆ సంపుటాలను గుర్తుపట్టవచ్చు. కొన్ని కలకత్తా ఫోర్టు విలియం కళాశాలకు, కొన్ని ఇంగ్లండుకు చేరినవి. కడపలో ఆ పుస్తకాలు ఏ గదిలో, ఏ వరుసలో వుండేవో చెప్పే పట్టిక మాత్రం మన చేతిలో లేదు. యజమాని ముద్ర ఎంత విలువైనదో, పట్టిక ఎంత విలువైనదో దీనివల్ల తెలుస్తుంది.

1800లో నిజాము ఈ ప్రాంతాన్ని కంపెనీకి ధారాదత్తం చేశాక దత్తమండలమన్న పేరు వచ్చింది. అదే కడపలో సి. పి. బ్రౌను తన బంగళాలో సొంత ఖర్చుతో పండితులను పెట్టి తెలుగు తాళపత్రాలను సేకరించి, ప్రతులు వ్రాయించి, సరిపోల్చి, జిల్దులు కట్టించాడు. వేమన పద్యాలు మొదలుకొని ఎన్నో రచనలు అలా నిలిచినవి. అవి తర్వాత మద్రాసు చేరినవి. ఒకే పట్టణంలో ఒక ఇంటి పుస్తకాలు చెల్లాచెదురైనవి, మరొక ఇంటిలో చేరినవి నిలిచినవి. అదృష్టం ఒక్కటే కారణం కాదు. బ్రౌను ప్రతి గ్రంథానికీ ఒకటికి మించిన ప్రతులు సేకరించాడు. ఎక్కడనుండి వచ్చినదో వ్రాసిపెట్టాడు.

హైదరాబాదులో పరిస్థితి మెరుగు. ముఫ్తీ ముహమ్మద్ సయీద్ ఖాన్ కుటుంబీకుల ఇంటి పుస్తకాలే సయీదియా గ్రంథాలయంగా పండితలోకానికి పరిచయమైనవి. మూడవ సాలార్‌జంగ్ (1889–1949) దివాన్ దేవిడీలో కూడబెట్టినవి నేడు మ్యూజియంలో వున్నవి. 1891లో స్థాపితమైన ఆసఫియా గ్రంథాలయపు పట్టిక కూడా విద్యల వారీగానే అచ్చయింది.

మెట్టప్రాంతపు ఇల్లు

ఇక వజ్రకరూరుకు వద్దాము. తొలకరి వానకు నేల కడిగినట్లయితే చాలు, వజ్రాల కోసం చుట్టుప్రక్కల జిల్లాలనుండి జనం వచ్చి పొలాలలో తలవంచుకుని వెదికే గ్రామం అది. దేశంలోకెల్లా తక్కువ వర్షపాతం గల జిల్లాలలో అనంతపురం ఒకటి. పొడిగాలి కాగితానికి మంచిదే, బూజు తక్కువ. కాని దుమ్ము, వేసవి ఎండ, చెదలు ఈ మూడూ ఇక్కడి పుస్తకాలకు శత్రువులు. పాత మట్టిమిద్దెల గోడలలో గూళ్లు వుంటాయి. దీపం పెట్టే గూడు వేరు, పుస్తకాల గూడు వేరు. మట్టిగోడలోని గూడు చెదలకు రాజమార్గం. దానిలో పుస్తకాలు పెట్టవలసివస్తే అడుగున కడపబండ ముక్క పరచి, వెనుక గోడకు నాలుగు వ్రేళ్ల ఎడం వదలాలి. నేలకు ఎత్తున, అడ్డు పెట్టి వుంచమన్న ఇబ్ను జమాఅ మాట సిరియా చెమ్మకు చెప్పినదే అయినా, ఇక్కడి చెదలకూ సరిపోతుంది. వేపాకు ఎండబెట్టి అరలలో వేయడం మన పల్లెలలో పాత అలవాటు. ఏడాదికి రెండుసార్లు పుస్తకాలన్నీ దించి, దులిపి, నీడలో గాలికి పెట్టడం అంతకన్నా మేలు.

పూర్వం కొందరు లేఖకులు పుస్తకం మొదటి పుటమీద ‘యా కబీకజ్’ అని వ్రాసేవారు. కబీకజ్ అన్నది ఒక విషపు మొక్క పేరు. కాలక్రమాన అది పురుగులకు రాజు పేరని భావించి, ఆ రాజును పిలిస్తే పురుగులు తొలగిపోతాయని నమ్మారు. అలా వ్రాసిన పుటలను సైతం పురుగులు తొలిచిన దాఖలాలు వున్నవి. పురుగు లిపి చదువదు.

అసలు చిక్కు చెదలది కాదు, భాషది. ఈ ప్రాంతపు దూదేకుల (నూర్‌బాషా) కుటుంబాలలో ఇంటి భాష తెలుగే. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో కూడా తెలుగు మాధ్యమంలో చదివిన పిల్లలకు ఉర్దూ లిపి రాదు. తాత కొన్న ఉర్దూ తఫ్సీరు, హదీసు అనువాదాలు ట్రంకుపెట్టెలో వుంటాయి. వాటిని చదువగలవారు ఇంటిలో ఒక్కరే మిగిలి వుంటారు. కొన్ని ఇళ్లలో ఆ ఒక్కరూ లేరు. ఆ పెట్టెలో ఏమున్నదో తెలియని మనవడు ఇల్లు మారేటప్పుడు దానిని పాత కాగితాలవానికి వేస్తాడు. అతనిని తిట్టి లాభం లేదు. అతనికి అవి పుస్తకాలు కావు, తెలియని గీతలున్న కాగితాలు.

అందుకే ఇబ్ను నదీమ్ లిపులతో మొదలుపెట్టిన సంగతి గుర్తుచేశాను. మన ఇళ్లలో మొదటి విభజన లిపినిబట్టి వుండడమే మంచిది. ఆ తర్వాతనే విషయం. ఒక అరలో ఎడమనుండి తెలుగు పుస్తకాలు, కుడినుండి అరబీ, ఉర్దూ పుస్తకాలు వరుసగా పెడితే ఆయా లిపుల నడకకు సరిపోతుంది. బహుసంపుటాల ఉర్దూ తఫ్సీరును కుడినుండి ఎడమకు పేర్చితే దానిని చదివేవారికి సంపుటాల సంఖ్య సహజంగా వస్తుంది. రెండు వరుసలు మధ్యలో కలిసేచోట కొంత ఖాళీ వదిలితే ఏ వైపు పెరిగినా సర్దుకోవచ్చు. విషయానికొక అర చొప్పున పెట్టుకుంటే తెలుగు హదీసు, ఉర్దూ హదీసు ఒకే అరలో రెండు చివరల వుంటాయి. చదువరి తన చివరను పట్టుకుంటాడు, రెండవ చివరను చూస్తూనే వుంటాడు.

లిపినిబట్టి విడదీస్తే ఉర్దూ చివర మూగబోతుందన్న భయం వున్నది. దానికి ఉపాయం చిన్నది. ఇంటిలో ఉర్దూ చదువగల పెద్దలు వుండగానే, ప్రతి ఉర్దూ పుస్తకంలో ఒక తెలుగు చీటీ పెట్టించాలి. గ్రంథం పేరు, రచయిత, విషయం, అది ఎవరిది, ఎప్పుడు కొన్నది, ఇంటిలో ఎవరు ఏ సందర్భంలో చదివేవారు. నాలుగు పంక్తులు చాలు. నూటయాభై పుస్తకాలకు ఒక వేసవి చాలు. నానమ్మ చెబుతుంటే మనవరాలు వ్రాసుకోవచ్చు. ఈ పని ఆ తరం వుండగా జరగాలి. తర్వాత ఏ పండితుడు వచ్చినా పుస్తకం పేరు చెప్పగలడు గాని, దానిని ఇంటిలో ఎవరు చదివేవారో చెప్పలేడు.

తెలుగు అనువాదాల స్థానం

ఖుర్ఆన్ తెలుగు అనువాదాన్ని ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న అనేక ఇళ్లలో వస్తుంది. తెలుగులో తొలి ఖుర్ఆన్ అనువాదం చేసినవారు అనంతపురం దత్తమండల కళాశాలలో తెలుగు అధ్యాపకులుగా పనిచేసిన చిలుకూరి నారాయణరావు అన్నది మన జిల్లావారు సంతోషంతో చెప్పుకోవలసిన విషయం. శ్రీకాకుళం ప్రాంతంనుండి వచ్చి అనంతపురంలో స్థిరపడిన ఆ భాషాశాస్త్రవేత్త ఆంధ్ర భాషా చరిత్రము (1937) రచయితగా అందరికీ తెలుసు. ఆ తర్వాత కర్నూలు మౌల్వీ అబ్దుల్ గఫూర్, అనంతరం హమీదుల్లా షరీఫ్ మొదలైనవారి అనువాదాలు వచ్చినవి.

మూలం లేని అనువాదం ఖుర్ఆన్ కాదు, భావమేనన్నది పండితుల సాధారణ అభిప్రాయం. ఇబ్ను జమాఅ వరుస ప్రకారం దాని స్థానం వ్యాఖ్యానాల దగ్గర. మూలంతో కలిసి అచ్చయిన ప్రతికి మూలానికి గల మర్యాద చేయాలి. ఈ తేడాను ఇంటిలో పాటిస్తే ఒక మేలు వున్నది. తెలుగు అనువాదాన్ని గుడ్డలో చుట్టి పైన పెట్టకుండా, వ్యాఖ్యానాల అరలో, చేతికి అందేచోట, గుర్తుచీటీలు పెట్టుకుని వాడుకోవచ్చు. దానికి మర్యాద తగ్గినట్లు కాదు. సహీహ్ ముస్లిం కూడా అదే అరలో వుంటుంది.

గ్రంథాలయశాస్త్రంలో ప్రసిద్ధమైన పద్ధతులు మన ఇళ్లకు పనికివస్తాయా అని అడిగేవారున్నారు. మెల్విల్ డ్యూయీ 1876లో ప్రకటించిన దశాంశ పద్ధతిలో మతాలకు 200 మొదలు 299 వరకు కేటాయించి, అందులో అత్యధిక భాగం క్రైస్తవానికి ఇచ్చి, ఇస్లాంను 297 అన్న ఒక్క సంఖ్యలో ఇరికించాడు. మన ఇంటిలో ఆ పద్ధతి పెడితే సగం బీరువాకు ఒకే సంఖ్య వస్తుంది. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి ఎస్. ఆర్. రంగనాథన్ (1892–1972) 1933లో ప్రకటించిన ద్విబిందు వర్గీకరణలో మతాలన్నీ సమాన స్థాయిలో వరుస సంఖ్యలు పొందినవి; ఇస్లాంకు ఏడవ స్థానం. న్యాయమైన పద్ధతే గాని, ఇంటికి బరువు. ఆయన 1931లో ప్రకటించిన అయిదు సూత్రాలలో మొదటిది, పుస్తకాలు వాడుక కోసమే అన్నది, మాత్రం ఏ ఇంటికైనా వర్తిస్తుంది. ఆ రోజులలో అనంతపురం మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే.

ఎరువు పుస్తకాలు

పుస్తకం ఎరువు ఇవ్వడం అభిలషణీయమని ఇబ్ను జమాఅ అంటారు. తీసుకున్నవారు అవసరం తీరాక ఆలస్యం చేయరాదని, యజమాని అనుమతి లేకుండా అంచులలో ఏమీ వ్రాయరాదని కూడా అంటారు. భూగోళవేత్త యాఖూత్ హమవీ (మరణం 1229) మర్వ్ నగరంలో వున్నప్పుడు అక్కడి గ్రంథాలయాలనుండి తెచ్చిన రెండువందల సంపుటాలు ఎప్పుడూ ఆయన బసలో వుండేవట, అదీ చాలావరకు హామీ లేకుండానే. ఎడారి అంచున వున్న మర్వ్, వానలేని మన మెట్టకు దూరపు బంధువు వంటిది. మంగోలులు 1221లో ఆ నగరాన్ని నేలమట్టం చేశారు. ఆయన తెచ్చుకుని చదివి వ్రాసుకున్నదంతా ముఅ్‌జముల్ బుల్దాన్‌లో మిగిలింది.

ఇంటికి ఒక పట్టీ పుస్తకం చాలు. దఫ్తరం, బస్తా, కాగితం, కలం, జిల్దు వంటి మాటలన్నీ మన తెలుగు కరణాల నోట నలిగినవే; పట్టీ వ్రాయడం మనకు కొత్త విద్య కాదు. వరుస సంఖ్య, పేరు, రచయిత, భాష, వచ్చిన తేది, ఎక్కడనుండి వచ్చింది, ఎవరికి ఇచ్చాము, ఎప్పుడు తిరిగివచ్చింది. అదే సంఖ్యను పుస్తకం లోపలి అట్టమీద పెన్సిలుతో వేయాలి. పట్టీ తెలుగులో వుండాలి, ఎందుకంటే రేపు దానిని తెరిచేవారు తెలుగు చదివేవారే.

చివరగా చినిగిన పుటలు. దైవనామం వున్న కాగితాలు పాదాల క్రింద పడకూడదని మనవారు వాటిని సంచిలో పోగుచేసి బావిలో వేసేవారు. నీరున్న రోజులలో సిరా కరిగి కాగితం మెత్తబడి కలిసిపోయేది. నేడు బోరులు లోతుకు పోయి, పాత బావులు ఎండిపోయిన ఈ ప్రాంతంలో ఆ కాగితాలు అడుగున ఎండి, గాలికి ఎగిరి, ఏ మర్యాద కోసం వేశామో ఆ మర్యాదే పోతుంది. శుభ్రమైన గుడ్డలో చుట్టి, ఎవరూ తొక్కని చోట గోతిలో పూడ్చడం ధర్మవేత్తలు ఆమోదించిన పద్ధతే. అలా పూడ్చిన పుస్తకం పేరును పట్టీలోనుండి కొట్టివేయకూడదు. దాని ఎదుట పూడ్చిన తేదీ మాత్రం వేయాలి. ఇబ్ను నదీమ్ తన పట్టికలో పేర్కొన్న వేల గ్రంథాలలో అధికభాగం నేడు లేవు. అవి ఒకప్పుడు వుండేవని, ఫలానావారు ఫలానా విషయం మీద వ్రాశారని మనకు తెలియడానికి ఆ పట్టిక ఒక్కటే ఆధారం.